మోకాలి మార్పిడి తర్వాత ఏడాది: ఏం ఆశించాలి, ఇంట్లో ఏం చేయాలి

మా అమ్మకు రెండు మోకాళ్లూ మార్చారు. ముందు కుడిది, పది నెలల తర్వాత ఎడమది. డాక్టర్ ఒకరే, ఆసుపత్రి ఒకటే, వేసిన ఇంప్లాంట్ కూడా ఒకే రకం. అయినా కుడి కాలు పూర్తిగా చాపడానికి నాలుగు నెలలు పట్టింది. ఎడమ కాలు మూడు వారాలకే నిటారుగా వచ్చింది. ఆ తేడా ఆపరేషన్ థియేటర్‌లో రాలేదు, మా ఇంట్లోనే వచ్చింది. మొదటిసారి మాకు తెలియక చేసిన తప్పులు, రెండోసారి దిద్దుకున్న పద్ధతులు మీకు పనికొస్తాయని రాస్తున్నాను. మీ డాక్టర్, మీ ఫిజియోథెరపిస్ట్ చెప్పింది దీనికి భిన్నంగా ఉంటే వాళ్ల మాటే వినండి. మీ కాలు చూసింది వాళ్లు.

ముందు ఒక కాగితం మీద రాసుకోండి

ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే కూర్చుని, ఈ మోకాలితో మీరు మళ్లీ చేయాలనుకుంటున్న పనులు నాలుగైదు రాయండి. "నొప్పి పోవాలి" అని రాస్తే చాలదు. రైతుబజారుకు నడిచి వెళ్లి రావాలి, మేడ మెట్లు ఎక్కాలి, రాత్రి నొప్పితో లేవకుండా నిద్రపోవాలి, కింద కూర్చుని పూజ చేసుకోవాలి... ఇలా విడివిడిగా రాయండి. ఆ కాగితం డాక్టర్‌కు చూపించి, ఏవి కుదురుతాయో, ఏవి కుదరవో ఒక్కొక్కటిగా అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మోకాలి మార్పిడి చేయించుకున్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు ఫలితంతో పూర్తిగా తృప్తి పడటం లేదని చాలా దేశాల పరిశీలనల్లో తేలింది. ఇంప్లాంట్ బాగానే ఉన్నా, ఎక్స్‌రే బాగానే ఉన్నా అలా అనిపిస్తుంది. అనుకున్నది ఒకటి, అయింది ఒకటి కావడం దానికి పెద్ద కారణం.

అసలు లోపల ఏం చేస్తారో తెలిస్తే ఏం ఆశించాలో కూడా తెలుస్తుంది. "గుజ్జు అరిగిపోయింది" అంటారు కదా, ఆ అరిగిన ఎముకల చివర్లను పల్చగా కోసి తీసేస్తారు. తొడ ఎముక చివరకు లోహపు తొడుగు వేస్తారు. కింది ఎముక మీద లోహపు పళ్లెం, రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. ఎముకకు ఎముక రాసుకోవడం ఆగిపోతుంది కాబట్టి ఆ పాత నొప్పి పోతుంది. కానీ చుట్టూ ఉన్న కండరాలు మీ పాత కండరాలే. ఏళ్ల తరబడి నొప్పికి భయపడి నడక తగ్గించడం వల్ల అవి సన్నబడి, బిగుసుకుపోయి ఉంటాయి. వాటిని డాక్టర్ మార్చలేరు. మీరే మళ్లీ పనిలోకి దించాలి.

నడక, మెట్లు, బస్సు ఎక్కడం, వంటింట్లో నిలబడి పని చేసుకోవడం: ఇవి చాలామందికి తిరిగి వస్తాయి. కొత్త మోకాలు సాధారణంగా 110 నుంచి 125 డిగ్రీల దాకా వంగుతుంది. కుర్చీలో కూర్చుని లేవడానికి, మెట్లు దిగడానికి అది సరిపోతుంది. గొంతుక్కూర్చోవడానికి, బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి మాత్రం చాలదు. కొందరికి ఇంకాస్త వంగినా, అలా కూర్చోవద్దనే ఎక్కువ మంది డాక్టర్లు చెబుతారు. మనం పీట మీద కూర్చుని వ్రతం చేసేవాళ్లం, చాప మీద కూర్చుని నమాజు చేసేవాళ్లం. ఇది చిన్న విషయం కాదు. ఆపరేషన్ తర్వాత తెలిసి బాధపడేకంటే ముందే తెలుసుకుని నిర్ణయించుకోండి.

ఇంప్లాంట్ కంపెనీ గురించి, రోబో గురించి కూడా అందరూ అడుగుతారు. రోబో ఎముకను కచ్చితంగా కోయడానికి డాక్టర్‌కు సాయపడుతుంది, మీ బదులు కాలు చాపదు. ధర విషయానికి వస్తే, 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అప్పటిదాకా లక్షన్నర పైన అమ్మిన మామూలు కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంట్‌కు పన్ను కాకుండా 54,720 రూపాయల పరిమితి పెట్టింది. ఆ తర్వాత కూడా ఈ ధరలను సవరిస్తూ వచ్చారు. కాబట్టి బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా చూపించమని అడగండి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద చేయించుకునేవాళ్లు ఆసుపత్రిలో ఆ పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో ముందే కనుక్కోండి. మీ దగ్గర కొంత డబ్బు మిగిలితే దాన్ని ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్ట్ కోసం ఉంచండి. మా అనుభవంలో అంతకంటే పనికొచ్చిన ఖర్చు లేదు.

నెల ముందు నుంచి

షుగర్ ఉంటే మూడు నెలల సగటు చూపే పరీక్ష చేయించి అదుపులోకి తెచ్చుకోండి. షుగర్ ఎక్కువగా ఉంటే పుండు మానదు, ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. పుచ్చు పళ్లు, చీము పట్టిన చిగుళ్లు ఉంటే ముందే బాగు చేయించుకోండి. కాలి వేళ్ల సందుల్లో ఒరుసుకుపోయిన పుండ్లు, కాలి మీద గీరుకున్న గాయాలు ఉన్నా దాచకుండా చెప్పండి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే ఎప్పుడు ఆపాలో డాక్టర్‌నే అడగండి, సొంతంగా ఆపకండి. తొడ కండరం బిగించే వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టండి. నొప్పి లేనప్పుడు నేర్చుకున్నది నొప్పిలో గుర్తొస్తుంది.

ఇంట్లో చేయాల్సినవి ఇవి:

- బాత్రూంలో వెస్టర్న్ కమోడ్ ఉండాలి. దాని పక్కన గోడకు గట్టి రాడ్ బిగించండి. కమోడ్ మరీ కిందికి ఉంటే పైన పెట్టుకునే ఎత్తు సీటు మందుల షాపుల్లో, ఆర్థో సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది.
- గుమ్మాల దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టలన్నీ తీసేయండి. వాకర్ కాలు వాటిలో తట్టుకుంటుంది.
- ఎత్తు గడపలు ఉంటే, వాకర్‌తో దాటడం ఆపరేషన్‌కు ముందే సాధన చేయండి. పాత ఇళ్లలో గడప తట్టుకుని పడిపోయే ప్రమాదం ఉంది.
- నవారు మంచం వద్దు, కుంగిపోతుంది. మోకాలి ఎత్తు కంటే కాస్త పైకి ఉండే గట్టి మంచం కావాలి.
- చేతులున్న గట్టి కుర్చీ ఒకటి కావాలి. ప్లాస్టిక్ కుర్చీలైతే రెండు ఒకదానిలో ఒకటి పెడితే ఎత్తూ వస్తుంది, గట్టిగానూ ఉంటుంది.

మొదటి రెండు వారాలు రాత్రీ పగలూ పక్కన ఎవరుంటారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. "ఎవరో ఒకరం ఉంటాంలే" అనుకుంటే చివరికి ఒక్కరి మీదే పడుతుంది, ఆ మనిషి అలసిపోతారు.

ఆసుపత్రిలో

ఎక్కువగా నడుముకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తారు. నరాలకు ఇచ్చిన ఇంజెక్షన్ పనిచేస్తున్నంతసేపు నొప్పి పెద్దగా తెలియదు. చాలామంది ఆ మొదటి రోజు ఫోన్ చేసి "అస్సలు నొప్పే లేదు" అని అందరికీ చెబుతారు. రెండో రోజు ఆ మందు దిగిపోతుంది, అప్పుడు అసలు నొప్పి మొదలవుతుంది. ఏదో తేడా జరిగిందని మేమప్పుడు హడలిపోయాం. తేడా ఏం కాదు, అందరికీ అంతే. నొప్పి భరించలేని స్థాయికి వచ్చేదాకా ఆగకుండా నర్సుకు చెప్పండి.

అదే రోజు సాయంత్రం గానీ మర్నాడు గానీ వాకర్ ఇచ్చి నిలబెడతారు. "ఇంత తొందరగానా" అని భయపడకండి. కొత్త కీలు మీ బరువు మోయడానికి అప్పటికే సిద్ధంగా ఉంటుంది. పడుకుని ఉన్నంతసేపూ పాదాన్ని కుట్టుమిషన్ తొక్కినట్టు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా అది కాపాడుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు గానీ ఇంజెక్షన్లు గానీ ఇంటికొచ్చాక కూడా ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులూ తప్పకుండా వాడాలి.

మొదటి రెండు వారాలు: అన్నిటికంటే ముఖ్యమైన రోజులు

మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. ఇంటికొచ్చాక అమ్మకు నొప్పిగా ఉందని మోకాలి కింద మెత్తటి దిండు పెట్టాను. హాయిగా ఉందంది. పది రోజులు అలాగే ఉంచాం. ఆ పది రోజుల్లో మోకాలు వంగిన చోటే బిగుసుకుపోయింది. తర్వాత దాన్ని చాపడానికి అమ్మ ఎంత ఏడ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. హాయిగా ఉన్న భంగిమే మోకాలికి చెరుపు చేస్తుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి, మోకాలి కింద ఖాళీగా వదలండి. వాపు తగ్గడానికి కాలు ఎత్తి పెట్టినప్పుడు కూడా మోకాలు నిటారుగానే ఉండాలి.

అందరూ "ఎంత వంగింది?" అని అడుగుతారు. "ఎంత చాపగలుగుతున్నావు?" అని ఎవరూ అడగరు. వంగడం నెమ్మదిగానైనా వస్తుంది. పూర్తిగా చాపడం మాత్రం మొదటి వారాల్లో రాకపోతే తర్వాత చాలా కష్టం. కాలు నిటారుగా రాకపోతే నడక కుంటుగానే ఉంటుంది, నడుముకు కూడా నొప్పి వస్తుంది.

రోజూ చేయాల్సిన వ్యాయామాలు నాలుగే:

1. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని తొడ కండరం బిగించి, మోకాలి వెనక భాగాన్ని పరుపు వైపు నొక్కండి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి.
2. పడుకుని మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు వంచి, మళ్లీ చాపండి. మడమ కింద ప్లాస్టిక్ కవర్ పెడితే సులువుగా జారుతుంది.
3. కాలు నిటారుగా ఉంచి జానెడు ఎత్తు లేపి, ఆపి, దించండి. మొదటి రోజుల్లో లేవకపోవచ్చు. ప్రయత్నిస్తే కండరం మేలుకుంటుంది.
4. పాదం ఆడించడం. దీనికి లెక్క లేదు.

ఒక్కోటి పది పన్నెండుసార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. నొప్పి మాత్ర వేసుకున్న ముప్పావుగంట తర్వాత చేస్తే ఓర్చుకోగలుగుతారు. అయ్యాక ఐస్ ముక్కలు తువ్వాలులో చుట్టి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు మోకాలి మీద పెట్టండి. మన ఇళ్లలో నొప్పి అనగానే వేడి కాపడం గుర్తొస్తుంది. ఈ మొదటి రోజుల్లో కాపడం వద్దు, వాపు పెరుగుతుంది. నూనెతో పిక్కలు మర్దన చేయడం అసలే వద్దు.

కాలు ఉబ్బుతుంది. తొడ నుంచి చీలమండ దాకా నీలంగా కమిలినట్టు అవుతుంది. మోకాలు ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. రాత్రి నిద్ర పట్టదు. ఇవన్నీ మామూలే. మొదటి నెలలో పగటి నొప్పి కంటే రాత్రి నిద్రలేమే ఎక్కువ బాధిస్తుంది. పగలు కునుకు తీయడం తగ్గిస్తే కొంత మేలు.

పత్యం సంగతి. "చీము పడుతుంది" అని గుడ్డు, పప్పు, పెరుగు, వంకాయ, గోంగూర అన్నీ మాన్పించి చారన్నం పెడతారు. మా మేనత్త వచ్చి వారం రోజులు అదే చేయించింది. ప్రేమతోనే చేయించింది, కానీ అమ్మ నీరసించిపోయింది. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, వంకాయ వల్ల కాదు. గాయం మానడానికి, కండరం పెరగడానికి మాంసకృత్తులు కావాలి. కిడ్నీ సమస్య ఉండి డాక్టర్ వద్దంటే తప్ప పప్పు, గుడ్డు, పెరుగు, పాలు, తినేవాళ్లైతే చేప, కోడి రోజూ పెట్టండి. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది, కాబట్టి నీళ్లు, ఆకుకూరలు, పండ్లు ఎక్కువ ఇవ్వండి.

కట్టు తడవనివ్వకండి. కుట్లు గానీ పిన్నులు గానీ 12 నుంచి 14 రోజులకు తీస్తారు.

చూడటానికి వచ్చేవాళ్లు తప్పకుండా ఒక మాట అంటారు: "మా వదిన అయితే పదో రోజుకే కర్ర లేకుండా నడిచేసింది." ఆ మాట విన్న రోజు అమ్మ వ్యాయామం మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఒకరి మోకాలితో ఇంకొకరి మోకాలిని పోల్చకండి. తుంటి మార్చినవాళ్లతో అసలు పోల్చకండి, తుంటి సాధారణంగా తొందరగా కోలుకుంటుంది.

వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాల్సినవి

పిక్క గట్టిపడి నొప్పి, వాపు రావడం. గాయం నుంచి చీము గానీ నీరు గానీ ఆగకుండా కారడం. తగ్గుతూ వచ్చిన ఎరుపు, నొప్పి మళ్లీ పెరగడం. చలితో జ్వరం. కింద పడి ఆ తర్వాత కాలు మీద బరువు వేయలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. గాయం దగ్గర తేడా ఉంటే వీధి చివర మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోకండి, అసలు ఇన్ఫెక్షన్ కనిపెట్టడం కష్టమైపోతుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.

రెండో వారం నుంచి ఆరో వారం దాకా

రెండు మూడు వారాలకు 90 డిగ్రీలు వంగితే బాగున్నట్టు. కుర్చీలో కూర్చుని పాదాన్ని నెమ్మదిగా కుర్చీ కిందికి లాక్కోండి, ఆపండి, వదలండి. ఎవరైనా బలవంతంగా పట్టి వంచుతానంటే ఒప్పుకోకండి. ఆరు వారాలకు కూడా 90 రాకపోతే "నాకింతే" అనుకోకుండా డాక్టర్‌కు చెప్పండి. మత్తు ఇచ్చి కాలు వంచే పద్ధతి ఒకటి ఉంది, అది మొదటి మూడు నెలల్లోపైతేనే బాగా పనిచేస్తుంది.

నడక నిలకడగా ఉన్నప్పుడే ఫిజియోథెరపిస్ట్ చెప్పాక వాకర్ వదిలి చేతికర్రకు మారండి. కర్రను ఆపరేషన్ చేసిన వైపు కాకుండా అవతలి చేత్తో పట్టుకోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మెట్లు ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు వేయండి. దిగేటప్పుడు ముందు ఆపరేషన్ చేసిన కాలు వేయండి. ఒకేసారి రెండు మోకాళ్లూ మార్పించుకున్నవాళ్లకు "బాగున్న కాలు" ఉండదు కాబట్టి వాళ్లకు వాకర్, మెట్లు అన్నీ కాస్త ఆలస్యమవుతాయి.

మూడో వారం దగ్గర మనసు కుంగుతుంది. ఆసుపత్రి హడావుడి అయిపోయి ఉంటుంది, చుట్టాలు వెళ్లిపోయి ఉంటారు, నొప్పి మాత్రం ఉంటుంది. "ఎందుకు చేయించుకున్నానమ్మా, పాత మోకాలే నయం" అని అమ్మ ఒక రాత్రి ఏడ్చింది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. రెండోసారి ఆపరేషన్‌కు ముందే ఒక నోట్‌బుక్ పెట్టాం. ఇవాళ ఎన్ని అడుగులు నడిచింది, బాత్రూంకు ఎవరి సాయం లేకుండా వెళ్లిందా, రాత్రి ఎన్ని గంటలు పడుకుంది, ఇంతే రాశాం. రోజు చూస్తే ఏ మార్పూ కనిపించదు. వారం క్రితం పేజీ తిప్పి చూస్తే కనిపిస్తుంది. ఎడమ కాలికి కూడా ఆ మూడో వారం వచ్చింది, కానీ అప్పుడు అమ్మే నోట్‌బుక్ అడిగి తెప్పించుకుంది.

మూడు నెలలు, ఆ తర్వాత

కారు నడపడం సాధారణంగా ఆరు వారాల తర్వాత, నొప్పి మాత్రలు మానేసి, గట్టిగా బ్రేకు తొక్కగలిగినప్పుడు. స్కూటర్‌కు ఇంకా ఆగాలి, బండి ఒరిగితే కాలు ఆనించి బరువు ఆపగలగాలి కదా.

కుట్టుకు బయటి వైపు చర్మం మొద్దుబారినట్టు ఉంటుంది. కోతలో సన్నని నరం కొమ్మలు తెగడం వల్ల అలా అవుతుంది. కొంత తగ్గుతుంది, కొంత ఉండిపోవచ్చు. నడిచేటప్పుడు టక్ టక్ అని చప్పుడు వినిపిస్తుంది. లోహం, ప్లాస్టిక్ తగులుకునే చప్పుడు అది, నొప్పి లేకపోతే పట్టించుకోనక్కర్లేదు. సాయంత్రాలు వాపు మూడు నుంచి ఆరు నెలల దాకా, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. బలం, నమ్మకం ఏడాది దాకా పెరుగుతూనే ఉంటాయి. మూడో నెలలో ఉన్న స్థితి చూసి ఇదే ఆఖరు అనుకోకండి.

"తిరుమల మెట్లెక్కవచ్చా?" అని అమ్మ డాక్టర్‌ను ప్రతిసారీ అడిగేది. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. ఏడాది గడిచి, కండరం బలపడి, డాక్టర్ సరేనంటే నిదానంగా ఎక్కేవాళ్లు ఉన్నారు. దిగడం మాత్రం బస్సులోనే మంచిది, మోకాలి మీద భారం దిగేటప్పుడే ఎక్కువ. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతో ఎక్కే మొక్కు మాత్రం వద్దు. ఆ మొక్కు ఉంటే ఇంకో రూపంలో తీర్చుకోండి.

మోకాలి మార్పిడి ఎన్నాళ్లు ఉంటుంది? 2019లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, మోకాలు పూర్తిగా మార్చినవాటిలో దాదాపు 82 శాతం 25 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయి. పరుగులు, దూకడాలు వద్దు. నడక, సైకిల్, ఈత మంచివి. బరువు పెరగకుండా చూసుకోండి. ఎప్పుడైనా పంటికి చీము పట్టినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా వెంటనే వైద్యం చేయించుకోండి. రక్తంలో కలిసిన క్రిములు ఏళ్ల తర్వాత కూడా ఇంప్లాంట్ మీద చేరగలవు. విమానాశ్రయంలో మెటల్ డిటెక్టర్ మోగుతుంది, మోకాలు మార్పించుకున్నానని ముందే చెబితే సరిపోతుంది. నొప్పి లేకపోయినా డాక్టర్ చెప్పినప్పుడల్లా వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి.

ఏడాది తిరిగాక మొదట రాసుకున్న కాగితం బయటికి తీయండి. అమ్మ కాగితంలో నాలుగు పనులున్నాయి. రైతుబజారు, మేడ మెట్లు, రాత్రి నిద్ర: ఈ మూడింటికీ పక్కన టిక్కు పెట్టింది. నాలుగోది పీట మీద కూర్చుని సత్యనారాయణ వ్రతం. దానికి టిక్కు పడలేదు. మొన్న కార్తీకంలో పురోహితుడు గారే ఎత్తు బల్ల మీద కలశం పెట్టించి, అమ్మకూ నాన్నకూ కుర్చీలు వేయించారు. కథ ఐదు అధ్యాయాలూ అయ్యేదాకా కూర్చుని, హారతికి అమ్మ తనంతట తానే లేచి నిలబడింది.